మూత లేని నీరు: ఇంట్లో ప్రమాదం, వీధికి ఉపద్రవం

గృహ ప్రమాదాల నివారణ, పరిసరాల పారిశుధ్యం అనే రెండు అంశాలను స్థానిక సంస్థలు సాధారణంగా వేర్వేరు కార్యక్రమాలుగా చేపడుతుంటాయి. అయితే నీటి నిల్వ విషయంలో ఈ రెండింటినీ విడదీసి చూడలేము. మూత లేని డ్రమ్ము, తొట్టె లేదా సంపు ఆ ఇంటి పసిబిడ్డకు ప్రాణాపాయం కాగా, అదే నీటిలో పెరిగే దోమ వీధి మొత్తానికి వ్యాధికారకం అవుతుంది.

పసిపిల్లలకు ముప్పు: నీట మునిగి మరణించే ప్రమాదం ఏడాది నుండి నాలుగేళ్ల వయస్సు పిల్లలకే అత్యధికమని ప్రపంచ ఆరోగ్య సంస్థ పేర్కొంటున్నది. ఈ వయస్సులో తల బరువు ఎక్కువగా ఉండడం వలన బకెట్టులోకి తొంగిచూసి తలకిందులైన బిడ్డ తిరిగి లేవలేదు. కొద్ది అంగుళాల నీరు ఉన్నా ప్రాణం పోవచ్చు. కేక కూడా వినిపించకపోవచ్చు. సంపులకు పిల్లలు కదల్చలేని బరువైన మూత అమర్చి తాళం వేయాలి. వాడని బకెట్లను బోర్లించాలి. ప్రమాదం జరిగినచో బిడ్డను తలకిందులుగా పట్టి ఊపడం, పొట్ట నొక్కడం తగదు. శ్వాస లేనిచో తక్షణమే కృత్రిమ శ్వాస అందిస్తూ, 2005లో రాష్ట్రంలో ప్రారంభమైన 108 సేవలను పిలిపించాలి.

వీధికి ఉపద్రవం: డెంగీ, చికున్‌గున్యా వ్యాధులను వ్యాపింపజేసే ఏడిస్ దోమ ఇళ్లలోని మంచినీటి నిల్వల్లోనే గుడ్లు పెడుతుంది. గుడ్డు దోమగా మారడానికి సుమారు 7 నుండి 10 రోజులు పడుతుంది. వారానికొకసారి, ప్రతి శుక్రవారం 'డ్రై డే' పాటించాలని కోరడానికి ఇదే కారణం. నీరు పారబోయడంతో సరిపోదు. పాత్ర గోడలకు అంటుకున్న గుడ్లు నెలల తరబడి ఎండినా చెడిపోవు గనుక తొట్టెలను రుద్ది కడగాలి. కూలర్లు, పూలకుండీలు, వాడని రోళ్లు, పాత టైర్లు, కొబ్బరి చిప్పలు కూడా తనిఖీ జాబితాలో ఉండాలి. 1965లో విశాఖపట్నం, రాజమండ్రి, కాకినాడలలో ప్రబలిన చికున్‌గున్యా 2005 చివరిలో రాష్ట్రంలో మళ్లీ విజృంభించిన సంగతి ఇక్కడ గమనార్హం.

చట్టపరమైన అధికారాలు: 2024 జులై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 152వ సెక్షన్ పూర్వపు నేర విచారణ స్మృతిలోని 133వ సెక్షన్ స్థానంలో వచ్చినది. దీని ప్రకారం బహిరంగ ఉపద్రవాన్ని తొలగించవలసిందిగా జిల్లా, సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్లు ఆదేశించవచ్చు. దారి పక్కనున్న బావి, చెరువు, గొయ్యి చుట్టూ కంచె వేయించే అధికారం కూడా వారికి ఉన్నది.

స్థానిక సంస్థల బాధ్యత: కుళాయి నీరు ప్రతిరోజూ రాని చోట ప్రజలు నీటిని నిల్వ చేసుకోక తప్పదు. అట్టి వాడల్లో హెచ్చరికలకు ముందు సక్రమ సరఫరా, మూతలు అవసరం. మధ్యప్రదేశ్‌లోని రత్లాం పురపాలక సంఘం కేసులో, నిధుల కొరతను సాకుగా చూపి పారిశుధ్య విధుల నుండి తప్పించుకోరాదని సుప్రీంకోర్టు 1980లో స్పష్టం చేసింది.

ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ, పారిశుధ్య సిబ్బంది ఇంటింటి సందర్శనలో దోమ లార్వాతో పాటు సంపు మూతను, ఆ ఇంట ఐదేళ్ల లోపు పిల్లలున్నారా అన్న విషయాన్ని కూడా నమోదు చేసినచో ఒకే సందర్శనతో రెండు ప్రయోజనాలు నెరవేరగలవు.

(సమాచార, పౌర సంబంధాల శాఖ ద్వారా జారీ)