కుండీలు తీసేసిన ఊరు

మా అమ్మమ్మ వాళ్లింటి వెనక పెంటకుప్ప ఉండేది. పేడ, ఊడ్చిన కసువు, కూరగాయల తొక్కలు, పొయ్యిలో బూడిద, అన్నీ అందులోకే. ఎండాకాలం చివర బండి కట్టి పొలానికి తోలేవాళ్లు. నేను ముక్కు మూసుకుంటే ఒకసారి కసిరింది: "పెంట గాదు బిడ్డా, అది పొలానికి బువ్వ."

చెత్త చరిత్ర అక్కణ్ణుంచే మొదలుపెట్టాలనిపిస్తుంది. డంపింగ్ యార్డు మనకు అనాదిగా ఉన్నదేం కాదు. ఇంటికీ పొలానికీ మధ్య ఆ బండి ఆగిపోయాక, కుప్పలో ప్లాస్టిక్ కవర్లు కలిశాక పెరిగింది. మట్టిలో కలవనిది కొంచెం చేరినా మొత్తం కుప్ప ఎరువుకు పనికిరాకుండా పోతుంది.

1996లో అల్మిత్రా పటేల్ ఈ కుప్పల మీద సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఆ కేసు ఫలితంగా 2000లో దేశమంతటికీ నియమాలొచ్చాయి. ఇంటింటికీ వెళ్లి చెత్త తీసుకోవాలి, తడిపొడి వేరుచేయించాలి, 2003 డిసెంబరు 31 నాటికి శుద్ధి చేసే ఏర్పాట్లుండాలి. చాలా పట్టణాలు ఆ తేదీని పట్టించుకోనేలేదు. సూర్యాపేట పట్టించుకుంది.

అప్పటి కమిషనర్ ఎస్.ఎ. ఖాదర్ సాహెబ్. సుమారు లక్షమంది ఉన్న ఊరు. అక్కడ చేసిన పని వింటే మొదట తలకిందులుగా అనిపిస్తుంది: వీధుల్లో చెత్తకుండీలు తీసేశారు! ఆలోచిస్తే అందులో కిటుకు తెలుస్తుంది. వీధి చివర కుండీ ఉంటే, అందులో పడేసిన క్షణంతో మన బాధ్యత తీరిపోతుంది. అది లేకపోతే, బండి వచ్చేదాకా చెత్త మన ఇంట్లోనే ఉంటుంది, మనదిగానే ఉంటుంది. తడిది వానపాముల ఎరువైంది, పొడిది అమ్ముడుపోయింది. కేసు వేసిన అల్మిత్రా పటేలే ఆ ఊరి గురించి రాసి దేశానికి చెప్పారు.

అలాగని సూర్యాపేట ప్రణాళికను పక్క ఊళ్లకు జిరాక్స్ తీస్తే సరిపోదు. కోదాడ కూడా హైదరాబాద్-విజయవాడ రహదారి మీదిదే. ఆగి తిని వెళ్లేవాళ్ల సీసాలూ పార్సిల్ కవర్లూ దాని లెక్కలోకి రావాలి. మిర్యాలగూడ రైసుమిల్లుల ఊరు, అక్కడ ఊక బూడిద సంగతి వేరే చూడాలి. ఏ ఊరి కుప్పలో ఏముందో తూచి చూశాకే ప్రణాళిక వేయాలి.

2016 నియమాలు మళ్లీ అదే చెప్పాయి: తడి, పొడి, ఇంట్లోని హానికరమైనవి, మూడూ వేరు. అంటే పదహారేళ్ల తర్వాత కూడా మొదటి పాఠమే.

నా సంగతీ చెప్పాలి. ఇంట్లో రెండు బుట్టలు పెట్టాను. బండిలో రెండూ ఒకే గుట్టలో పడటం చూసి నెలకే మానేశాను. నాకు దొరికిన సాకు అది. తర్వాతొక పొద్దున అదే బండి వెనక నిలబడి, ఒకామె ఒట్టి చేతుల్తో నా సంచి విప్పడం చూశాను. పాచిపోయిన అన్నంలోంచి పాల కవర్లు ఏరుతోంది. వేరుచేయడం నేను మానేస్తే ఆ పని ఆగిపోలేదు, ఆమె చేతుల్లోకి వెళ్లిందంతే.

రెండో బుట్ట మళ్లీ బయటికి తీశాను. బండిలో ఇప్పటికీ రెండూ కలుస్తున్నాయి. కలిపేవాళ్లను అడగడం ఇంకా మిగిలే ఉంది.