తాడు లాగితే పలకని మిషను

వానలు పడ్డాక కోనసీమ కొబ్బరి తోటల్లో కలుపు మోకాలెత్తు లేస్తుంది. అమలాపురం రోడ్డు మీది ఈ రిపేరు షాపు గోడకి బ్రష్ కట్టర్లు వరసగా ఆనించి ఉన్నాయంటే కారణం అదే. బల్ల పక్కకి రండి. సిగరెట్ ఉంటే బయటే ఆర్పేయండి.

"వేసవి ముందు బ్రహ్మాండంగా తిరిగిందయ్యా. ఇప్పుడు రెక్కలు పడిపోయేలా తాడు లాగినా పలకట్లేదు. పిస్టన్ పోయిందంటావా?" అంటున్నాడు తోట పెద్దాయన.

"ఆయ్, అప్పుడే పిస్టన్ దాకా వెళ్లకండి బాబాయ్ గారూ" అంటూ షాపు కుర్రాడు ట్యాంకు మూత తీసి వాసన చూశాడు. మీ ముక్కుకీ తగులుతుంది. పెట్రోల్ ఘాటు లేదు, పాత వార్నిష్ కంపు. గాజు సీసాలోకి వంపితే అడుగున విడిగా ఓ పొర. ఇప్పటి పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. అది తేమని పీల్చుకుంటుంది. నీళ్లు మరీ ఎక్కువైతే వాటితో కలిసి అడుగుకి దిగిపోతుంది. కోనసీమ గాలిలో తేమకేం కరువు!

సీసా దూరంగా పెట్టి ప్లగ్గు విప్పాడు. పొడిగా ఉంది. తడిగా ఉంటే స్పార్కుని అనుమానించాలి, పొడిగా ఉంటే పెట్రోల్ దారిని. అయినా ప్లగ్గుని క్యాపులో పెట్టి, సిలిండరుకి ఆనించి తాడు లాగాడు. టక్‌మని నీలం మెరుపు. ఇప్పుడు రంధ్రంలో నాలుగు చుక్కలు కొత్త పెట్రోల్ వేసి, ప్లగ్గు బిగించి లాగితే ఇంజను భగ్గుమని లేచి, రెండు క్షణాల్లో ఆగిపోయింది. పెద్దాయన మొహం వాడింది. కుర్రాడి మొహం వెలిగింది. ఆ రెండు క్షణాలు తిరిగిందంటే స్పార్కూ కంప్రెషనూ ఉన్నట్టే. ఈ చిన్న పరీక్ష కూడా చెయ్యకుండా సిలిండరు విప్పేసే షాపులున్నాయి, జాగ్రత్త.

కార్బొరేటర్ మూత ఊడదీశాడు. లోపల డయాఫ్రమ్, పెద్ద రూపాయి బిళ్లంత పల్చటి రబ్బరు పొర. వేలితో నొక్కండి. మెత్తగా లొంగాల్సింది అట్టలా బిగుసుకుపోయింది. దాని కదలికతోనే పెట్రోల్ లోపలికి రావాలి, మరి ఎలా వస్తుంది? పక్కనున్న సన్నటి జాలీ నిండా గోధుమరంగు జిగురు. క్లీనర్ స్ప్రే కొట్టి గాలితో ఊదాడు. గుండుసూది మాత్రం పెట్టలేదు, రంధ్రం పెద్దదైతే మళ్లీ తగ్గించలేం. కార్బొరేటర్ పక్కనున్న సర్దుబాటు స్క్రూలూ ముట్టుకోలేదు. కొత్త డయాఫ్రమ్, ట్యాంకులో కొత్త ఫిల్టరు.

ఇక కొత్త పెట్రోల్ కలపాలి. ఈ మిషను మీద 25:1 అని రాసుంది కాబట్టి లీటరు పెట్రోల్‌కి 40 మిల్లీలీటర్ల టూటీ (టూ స్ట్రోక్) ఆయిల్. ఆయిల్ తగ్గితే పిస్టన్ పట్టేస్తుంది, మరీ ఎక్కువైతే ప్లగ్గు నల్లగా మసిపడుతుంది. ప్రైమర్ బుడ్డ నొక్కి, చోక్ వేసి లాగాడు. ఓ దగ్గు. చోక్ తీసి మళ్లీ లాగితే తెల్లటి పొగ చిమ్మి, అందుకుంది.

"మళ్లీ ఇలా కాకుండా ఏం చెయ్యాలయ్యా?"

"సీజన్ అయ్యాక ట్యాంకు ఖాళీ చేసి, ఆగిపోయేదాకా తిప్పి అప్పుడు లోపల పెట్టండి. నెల దాటిన పెట్రోల్ వాడకండి."

మీ ఇంట్లో మూలన పడున్న మిషనుంటే, దాని ట్యాంకు మూత ఈ ఆదివారమే తీసి చూడండి.