ఒక లైను, పది కంప్యూటర్లు: ప్రాక్సీ, ఫైర్‌వాల్ నియమాల చరిత్ర

చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయం నుంచి అశోక్‌నగర్ మీదుగా నారాయణగూడ వైపు మీరు నడిచి ఉంటే, కోచింగ్ సెంటర్ల మధ్య ఇంటర్నెట్ సెంటర్ల బోర్డులు చూసే ఉంటారు. ఉద్యోగ ప్రకటన వెలువడగానే అభ్యర్థులు దరఖాస్తుల కోసం అక్కడికే వెళతారు. ఆ గదిలోని కంప్యూటర్లకూ బయటి ప్రపంచానికీ మధ్య ఉన్న ద్వారం ఎలా ఏర్పడిందో ఈ భాగంలో పరిశీలిద్దాం.

విదేశ్ సంచార్ నిగమ్ 1995 ఆగస్టు 15న మన దేశంలో ప్రజలకు ఇంటర్నెట్ సేవలు ప్రారంభించింది. తొలి నగరాల జాబితాలో హైదరాబాద్ లేదు. తరువాత వచ్చిన సౌకర్యం కూడా టెలిఫోన్ లైను, మోడెమ్ మీద ఆధారపడినదే. కంప్యూటరుకో లైను పెట్టుకోవడం చిన్న కార్యాలయానికి మోయలేని ఖర్చు. ఈ ఇబ్బందికి దొరికిన ఉపాయాల్లో ప్రాక్సీ ఒకటి. ప్రాక్సీ అంటే ప్రతినిధి. మిగిలిన కంప్యూటర్లు అడిగిన పేజీని అది తన పేరున తెచ్చి ఇస్తుంది. తెచ్చిన దాన్ని దాచుకొని, మరొకరు అడిగితే అక్కడి నుంచే ఇవ్వగలదు. 1996లో వెలువడిన స్క్విడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఈ పనికే ప్రసిద్ధి పొందింది.

ఫైర్‌వాల్ పుట్టుక వేరు. అది భయం నుంచి వచ్చింది. 1988 నవంబరు 2న మోరిస్ వర్మ్ వేలాది కంప్యూటర్లను స్తంభింపజేశాక, లోపలికి ఎవరిని రానివ్వాలన్న ఆలోచన బలపడింది. క్రమంగా పొదుపు, కాపలా రెండూ ఒకే ద్వారం దగ్గర కలిశాయి.

ఇక్కడ విద్యార్థులు ఒక విషయం జాగ్రత్తగా గమనించాలి. స్క్విడ్ నియమాలను పై నుంచి కిందికి చదువుతుంది. సరిపోయిన మొదటి నియమం దగ్గరే ఆగిపోతుంది. ‘అన్నింటినీ నిరాకరించు’ అనే వాక్యం పైన ఉంటే, దాని కింద రాసిన అనుమతులన్నీ వృథా. మరో చిక్కు కూడా ఉంది. దరఖాస్తు వెబ్‌సైటును అనుమతించి, రుసుము చెల్లించే వెబ్‌సైటు చిరునామాను మరిచిపోతే ఫారం తెరుచుకుంటుంది, డబ్బు మాత్రం వెళ్లదు. గడువు చివరి రోజున ఆ ఒక్క వరుస లేకపోతే అభ్యర్థికి ఏం జరుగుతుందో మీరే ఊహించండి.

2011లో కేంద్ర ప్రభుత్వం సైబర్ కేఫ్‌ల నియమాలు జారీ చేసింది. వినియోగదారుల రిజిస్టరునూ, ప్రాక్సీ సర్వర్ లాగ్‌లనూ కనీసం ఒక సంవత్సరం భద్రపరచాలని అవి ఆదేశించాయి. పొదుపు కోసం పెట్టిన యంత్రం ఈ విధంగా సాక్షి అయింది. అయితే ఎంత మేరకు? లాగ్‌లో యంత్రం చిరునామా, సమయం, వెబ్‌సైటు ఉంటాయి. కుర్చీలో కూర్చున్నది ఎవరో తెలియాలంటే రిజిస్టరు కూడా కావాలి. ఎన్‌క్రిప్షన్ ఉన్న వెబ్‌సైట్లయితే సాధారణంగా వాటి పేరు మాత్రమే నమోదవుతుంది, చూసిన పేజీ కాదు. ఏడాది గడిచాక యజమాని వాటిని తుడిచివేయవచ్చు.