లప్పం నిలబెట్టిన కిటికీ

పదిహేడో శతాబ్దం దాకా ఇంగ్లాండు ఇళ్లలో కిటికీ అద్దమంటే చాలావరకు సీసపు పట్టీల మధ్య ఇరికించిన చిన్న చిన్న గాజు ముక్కలే. 1670ల తర్వాత పైకీ కిందికీ జరిగే చెక్క కిటికీలు లండన్‌లో వ్యాపించాయి. వాటితో పాటే, చట్రం అంచున చెక్కిన గాడిలో అద్దాన్ని కూర్చి లప్పంతో బిగించే పద్ధతి స్థిరపడింది. ఈ మార్పును చరిత్రకారులు ఎక్కువగా గాజు కథగానో పన్నుల కథగానో చెబుతారు. రెండు వందల ఏళ్లు దాటిన కిటికీలు ఆ దేశంలో ఇప్పటికీ తెరుచుకుంటూ మూసుకుంటూ ఉన్నాయంటే, ఆ ఘనతలో పెద్ద వాటా సీమసుద్ద పొడిలో అవిసె నూనె పోసి పిసికిన ఆ ముద్దకూ, దాన్ని పెట్టే క్రమానికీ చెందాలని నేను వాదిస్తాను.

ఆ క్రమంలో ప్రతి మెట్టుకూ కారణముంది. ముందుగా గాడికి ప్రైమర్ పూయాలి. లేకపోతే పచ్చి చెక్క నూనెను పీల్చేసి లప్పం పెళుసెక్కుతుంది. తర్వాత గాడి వెంట లప్పం పరిచి, అద్దాన్ని నడుమ నొక్కకుండా అంచుల మీదే ఒత్తాలి. వెనక పలచని పొర మిగలాలి, గాజు ఎక్కడా చెక్కను నేరుగా తాకకూడదు. సన్నని మేకులతో అద్దాన్ని ఆపాకే ముందువైపు లప్పం పెట్టి, వాన నీరు జారిపోయేలా చాకుతో ఏటవాలుగా లాగాలి. అవిసె నూనె నీళ్లలా ఆవిరై ఆరదు, గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని నెమ్మదిగా గట్టిపడుతుంది. అందుకే పైన పొర కట్టేదాకా, అంటే కొన్ని వారాలు, రంగు వేయకుండా ఆగాలి. ఆ రంగును గాజు మీదికి ఒకటి రెండు మిల్లీమీటర్లు ఎక్కించాలి. లప్పానికీ గాజుకూ మధ్య నీరు దిగకుండా కాపాడేది ఆ సన్నని గీతే. ఈ నూనెకు కావలసిన గింజల్లో చాలా భాగం పందొమ్మిదో శతాబ్దంలో మన దేశం నుంచే బ్రిటన్‌కు ఓడలెక్కింది. దక్కన్ నల్లరేగడిలోనూ అవిసె పండింది.

గాజు మెరుగుపడటమే అసలు కారణం, లప్పం దాని వెంట వచ్చిందంతే అని ఎవరైనా అనవచ్చు. 1745లో చట్టమై 1845లో రద్దయిన గాజు సుంకం బరువును బట్టి ఉండేది కాబట్టి, పలచని క్రౌన్ గాజుకు గిరాకీ పెరిగిన మాట నిజమే. అయితే ఆ గాజును ఊది, గిర్రున తిప్పి, పెద్ద బిళ్లగా చేసేవారు. దాని మందం అంతటా ఒకేలా ఉండదు, పలక కొద్దిగా వంపు తిరిగి ఉంటుంది. అలాంటి పలకను చదునైన చెక్క పట్టీ మాత్రమే పట్టి ఉంచితే ఒకచోట సందు, మరోచోట ఒత్తిడి వచ్చి అద్దం పగులుతుంది. వంపుకు తగ్గట్టు ఒదిగింది మెత్తని లప్పమే. అది లేకుంటే ఆ పలచని గాజు, సన్నని చెక్క కమ్ములు అంతటా నిలిచేవి కావు.

లప్పం ఎండి, చిట్లి, రాలిపోతుందన్నది ఇంకా బలమైన అభ్యంతరం. పైకప్పుల విషయంలో దాన్ని ఒప్పుకోవాల్సిందే. సుమారు 3 లక్షల అద్దాలతో 1851లో లండన్‌లో తెరిచిన క్రిస్టల్ ప్యాలెస్ వానకు కారింది. ఆ శతాబ్దం చివరికి పైకప్పులకు లప్పం అక్కరలేని పద్ధతులు వచ్చాయి. ఉక్కు కిటికీలకూ ఇది సరిపోలేదు: వాటి చట్రం నూనెను ఏమాత్రం పీల్చదు కాబట్టి వేరే లప్పం కావలసి వచ్చింది. గోడలోని చెక్క కిటికీ సంగతి వేరు. అక్కడ లప్పం రాలడమంటే చాలాసార్లు ప్రైమర్ వేయకపోవడమో, రంగును ఏళ్ల తరబడి పట్టించుకోకపోవడమో. పైగా అది ఊడి రావడానికే ఉంది: అద్దం పగిలితే పాత లప్పం గీకి, కొత్త పలక పెడితే చట్రం చెక్కుచెదరదు. ఇప్పుడు పాత కిటికీల స్థానంలో పెట్టే, రెండు పలకలను అంచుల్లో సీలు చేసిన అద్దాలు చలిని బాగా ఆపుతాయి, ఇంగ్లాండులో అది చిన్న లాభం కాదు. కానీ వాటి అంచు సీలు పోయి లోపల తేమ చేరితే మొత్తం యూనిట్‌నే మార్చాలి.

మన ఊళ్లలోనూ పాత బంగళాల చెక్క కిటికీలను లప్పం రాలిందన్న సాకుతో పీకేయకండి. ముందు ఒక్క అద్దానికి ఈ క్రమంలో లప్పం మార్పించి చూడండి. పాత రంగులో సీసం ఉండవచ్చు కాబట్టి దుమ్ము లేవకుండా గీకించండి.