గ్రంథ ప్రచురణలో నష్టభారం: థోరో నుండి వాంటేజ్ ప్రెస్ వరకు

పుస్తకం అమ్ముడుపోకపోతే నష్టం ఎవరిది? ముద్రణ వ్యయం ఎవరు భరించారన్న దానిపైనే ఈ ప్రశ్నకు సమాధానం ఆధారపడుతుంది. రచయితే ఆ వ్యయం భరించినప్పుడు ఏం జరిగిందో అమెరికా ప్రచురణ చరిత్రలోని రెండు ఘట్టాల ద్వారా పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

హెన్రీ డేవిడ్ థోరో తొలి గ్రంథం ‘ఎ వీక్ ఆన్ ది కాంకర్డ్ అండ్ మెరిమాక్ రివర్స్’ 1849లో వెలువడింది. బోస్టన్‌లోని జేమ్స్ మన్రో సంస్థ 1000 ప్రతులు ముద్రించింది. అమ్మకాలతో ఖర్చు రాకపోతే లోటును రచయితే పూడ్చాలన్నది ఒప్పందం. నాలుగేళ్లలో అమ్మినవీ పంచినవీ కలిపి మూడు వందల ప్రతులకు మించలేదు. 1853లో 706 ప్రతులు రచయిత ఇంటికి తిరిగివచ్చాయి. వాటిలో అనేకం బైండు చేయని ఫారాలే. థోరో 290 డాలర్ల బాకీ తీర్చవలసివచ్చింది. మరుసటి ఏడాది ‘వాల్డెన్’ను టిక్నర్ అండ్ ఫీల్డ్స్ సంస్థ తన ఖర్చుతో 2000 ప్రతులు ముద్రించగా, 1859 నాటికి అవి చెల్లిపోయాయి. రెండు గ్రంథాల స్వభావం వేరు కనుక ఈ తేడాకు ఒప్పందమొక్కటే కారణమనలేము. అయితే మొదటి గ్రంథం విషయంలో మోసమేమీ లేకున్నా నష్టమంతా రచయితపైనే పడిందన్నది గమనార్హం.

ఇరవయ్యో శతాబ్దంలో ఈ పద్ధతి ఒక వ్యాపారంగా స్థిరపడింది. 1949లో న్యూయార్క్‌లో ఏర్పడిన వాంటేజ్ ప్రెస్ రచయితల సొమ్ముతోనే పుస్తకాలు వేసేది. ఇటువంటి సంస్థకు అమ్మకానికి ముందే ఆదాయం చేకూరుతుంది. ఆపై పుస్తకాన్ని పాఠకునికి చేర్చవలసిన ఆర్థికావసరం దానికి ఉండదు. ప్రచారం విషయంలో తమను వంచించారంటూ రచయితలు వేసిన దావాలో, దాదాపు 2200 మందికి 35 లక్షల డాలర్లు చెల్లించాలని 1990లో జ్యూరీ తీర్పు చెప్పింది. ఆ సంస్థ 2012లో మూతపడింది.

తెలుగులో రచయిత తానే అచ్చు వేయించుకొని అమ్ముకొనే సంప్రదాయం దీనికి భిన్నమైనది. అక్కడ నష్టంతోపాటు ప్రతులూ హక్కులూ రచయితవే. సంస్థకు సొమ్ము చెల్లించే విధానంలో ఈ మూడూ ఒకరివే కానవసరం లేదు. కాబట్టి ఎన్ని ప్రతులు బైండు చేస్తారు, మిగిలినవి ఎవరికి చెందుతాయి, హక్కులు ఎవరివి, ప్రచారానికి ఏమేమి చేస్తారు అన్నవి ఒప్పందంలో రాతపూర్వకంగా లేనప్పుడు రచయిత కొనుక్కొన్నది ముద్రణ మాత్రమే; ప్రచురణ కాదు.