పిట్టాపూర్ అని వెతకాలి

డర్బన్‌లో పుట్టిన ఐదో తరం తెలుగు మనిషి తన పూర్వీకుల ఊరు వెతకాలనుకుంటే, కాగితం దొరకడం ఇప్పుడు అంత కష్టం కాదు. ఆ కాగితంలో ఉన్న ఊరు ఏదో పోల్చుకోవడమే కష్టం.

1860 నవంబరు 16న ‘ట్రూరో’ ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది. అప్పట్నుంచి 1911 దాకా నేటాల్‌కి 1,52,184 మంది ఒప్పంద కూలీలు వెళ్ళారు. ఆ ఓడల జాబితాలు ఆన్‌లైన్‌లోకి వచ్చాయి. మనిషికో నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటిమీద పుట్టుమచ్చలు కూడా రాశారు. మన ఇంటిపేరుకి మాత్రం అందులో గడి లేదు. అంతకుముందే కోరంగి రేవు నుంచి మారిషస్ వెళ్ళినవాళ్ళ వల్ల అక్కడ తెలుగువాళ్ళకి ‘కోరంగీలు’ అనే పేరు పడింది. ఆ దేశపు వలస రిజిస్టర్లు మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి.

ఈ వెతుకులాటలో మనకంటే ముందున్నది నల్లజాతి అమెరికన్లు. 1850, 1860 జనాభా లెక్కల్లో బానిసలను యజమాని పేరు కింద వయసు, లింగం, రంగు వేసి లెక్కపెట్టారు. పేర్లు దాదాపు లేవు. అందరి పేర్లూ రాసింది 1870లోనే. అందుకే వాళ్ళు 1870 నుంచి వెనక్కి నడుస్తారు. ఫ్యామిలీసెర్చ్‌లో ఉచితంగా దొరికే ఫ్రీడ్‌మెన్స్ బ్యూరో కాగితాలు చూసి, ఆ తర్వాత యజమానుల వీలునామాలు, అమ్మకం పత్రాలు వెతుకుతారు. ఒప్పంద కూలీ, బానిస ఒకటి కాదు. కూలీకి ఐదేళ్ళ గడువుంది, కాగితంలో పేరుంది. వాళ్ళ నుంచి మనం నేర్చుకోవాల్సింది పద్ధతి: కాగితం రాసినవాడు ఎలా ఆలోచించాడో ముందు పట్టుకోవాలి.

మన కాగితం రాసిన గుమాస్తా చెవికి వినపడింది ఇంగ్లీషులో పెట్టాడు. పిఠాపురం ‘పిట్టాపూర్’ అయింది, కాకినాడ ‘కోకనాడా’ అయింది. పేర్లను ఉచ్చారణను బట్టి జతచేసే సౌండెక్స్ అనే పాత పద్ధతి ఒకటుంది. దాంట్లో పిఠాపురం, పిట్టాపూర్ రెండింటికీ ఒకే కోడ్ వస్తుంది. కాకినాడ, కోకనాడాలకు అంకెలన్నీ కలిసినా మొదటి అక్షరం ఒకచోట ‘కె’, ఒకచోట ‘సి’ కావడంతో జత కుదరదు. ఒక్క అక్షరం దగ్గర వెతుకులాట ఆగిపోతుంది.

జిల్లా పేరుదీ ఇదే తంటా. పిఠాపురం 1859 దాకా రాజమండ్రి జిల్లా, తర్వాత గోదావరి, 1925 నుంచి తూర్పు గోదావరి, 2022 నుంచి కాకినాడ జిల్లా. ఇవాళ్టి మ్యాపు ముందేసుకుని 1880 నాటి మనిషిని వెతికితే దొరకడు.

ఇక బర్మా వెళ్ళినవాళ్ళ సంగతి. ఈ తీరం నుంచి లెక్కలేనంతమంది రంగూన్ వెళ్ళారు. ఎక్కువమంది మేస్త్రీల చేతి అప్పుతో, సొంత ఖర్చుతో వెళ్ళారు కాబట్టి నేటాల్‌లాగా మనిషికో నంబరు లేదు. వాళ్ళ చరిత్ర ఇంట్లో పెద్దవాళ్ళ నోట్లోనే ఉంది.

అందుకని డేటాబేసులో లేని సగం పని ఇక్కడే జరగాలి. పాత స్పెల్లింగులు, ఇవాళ్టి ఊళ్ళ పేర్లు పక్కపక్కన పెట్టిన ఒక పట్టిక కావాలి. ఏ ఊళ్ళో ఏ ఇంటిపేర్లవాళ్ళు ఉంటున్నారో, ఏ ఇంట్లో ‘మా తాత తమ్ముడు ఓడెక్కాడు, మళ్ళీ రాలేదు’ అనే మాట మిగిలిందో రాసిపెట్టాలి. దానికి పెద్ద సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, ఒక స్ప్రెడ్‌షీటు చాలు. ఆ మాట చెప్పగలిగేవాళ్ళు ఉండగానే మొదలుపెట్టాలి.