బొమ్మల కథల నిర్మాణము బాలుర కెరిగించుట: తెలుగునాటి పూర్వపద్ధతులు

బొమ్మలతో గూడిన కథాపుస్తకములు పాశ్చాత్యులవలన మనకు సంక్రమించినవే కాని మన నేలను బుట్టినవి కావని పలువురు తలచుచుందురు. అచ్చుపుస్తకముల వరకే విచారించినచో నీ మాటలో గొంత సత్యము లేకపోలేదు. 1658వ సంవత్సరమున న్యూరెంబర్గు నగరమందు కొమేనియసు పండితుడు వెలువరించిన సచిత్రగ్రంథమే బాలురకై యచ్చుపడిన బొమ్మల పుస్తకములలో దొలుతటిదిగా సాధారణముగా నెన్నబడుచున్నది. అయినను, కథను బొమ్మలుగా విభజించి, బొమ్మకు మాటను జోడించి శ్రోతల కందిచ్చు విద్య తెలుగునాట ముద్రాయంత్రము వ్యాపించుటకు బూర్వమునుండియు గలదు. ఆ విద్య యెట్టిది, అది యే బాలురకు లభించెను, ఎవరికి లభింపలేదు, నేటి పాఠశాలలకు దానివలన నేమి ప్రయోజనము అను విషయములను రంగారెడ్డి జిల్లాలోని యిబ్రహీంపట్నమును మనసున నుంచుకొని యిచ్చట విచారింతును.

ఇబ్రహీంపట్నము హైదరాబాదునుండి నాగార్జునసాగరమునకు బోవు మార్గమున నున్నది. ఊరి పేరును, అచ్చటి పెద్ద చెరువును గోలకొండ నేలిన యిబ్రహీం కుతుబుషాహిని (1550–1580) స్మరింపజేయుచున్నవి. తెలుగు కవులు మల్కిభరాముడని కొనియాడిన ప్రభు వితడే. అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానము నీతనికి గృతి యిచ్చెను. పొన్నికంటి తెలగనార్యుని యయాతిచరిత్రము పటాన్‌చెరువు నమీనుఖానున కంకితమయ్యెను. ఇట్టి కృతులకు సభలు ఆలవాలములు. అక్షరజ్ఞానము లేని గ్రామజనులకు బురాణకథ చేరినది వేఱొక త్రోవను. ఆ త్రోవ పటము.

నేడు సిద్దిపేట జిల్లాలో నున్న చేర్యాల నకాశీ చిత్రకారుల నివాసముగా బ్రసిద్ధి కెక్కినది. వారు బట్టకు గంజియు, సుద్దమట్టియు, ఉడికించిన చింతగింజల జిగురును, బంకనీరును గలిపి పూతలు పూసి యారబెట్టుదురు. పిమ్మట కుంచెతో రేఖలు దీర్చి, వెనుకతట్టున నెఱ్ఱని వన్నె నింపి, తక్కిన రంగులను దిద్దుదురు. పెద్ద పటముల వెడల్పు సుమారు 3 అడుగులు. పొడవు కొన్నింట 40 అడుగులకు మించును. దానిని జుట్టగా జుట్టి యూరూర గొంపోయి, వ్రేలాడదీసి, భాగము వెంట భాగము విప్పుచు గథకులు పాడుదురు. కూనపులివారు పద్మశాలీలకు మార్కండేయపురాణమును, గౌడజెట్టివారు గౌడులకు గౌడపురాణమును, కాకిపడిగెలవారు ముదిరాజులకు బాండవుల కథను, డక్కలివారు మాదిగలకు జాంబపురాణమును వినిపించుట యాచారము.

ఇందు బరిశీలింపదగిన విశేష మొకటి గలదు. కథ యంతయు బటముపై నుండదు. ఏ ఘట్టమును బొమ్మగా నిలుపవలయునో చిత్రకారుడు నిర్ణయించును. రెండు బొమ్మల నడుమ జరిగినదానిని గథకుడు నోట బూరించును. బొమ్మ చూపగలదానిని మాట మరల జెప్పనక్కఱలేదు. బొమ్మకు లొంగని కాలమును, తలపును, సంభాషణమును మాటయే మోయవలయును. బొమ్మల పుస్తకమునకు మూలసూత్రము గూడ నిదియే కదా! కాగా బటమునకును బుస్తకమునకును భేదము పరికరములందే కాని నిర్మాణరహస్యమునం దంతగా లేదు.

అయినను బూర్వపద్ధతిని గేవలము స్తుతించుట చరిత్రకారునకు దగదు. ఈ విద్య కులవిద్య. నకాశీవారి యింట బుట్టిన బాలుడు తండ్రి చెంత గుంచె పట్ట నేర్చెను. కథకుల యింటి బాలుడు పాట నేర్చెను. పటము నెదుట గూర్చున్న తక్కిన బాలురు శ్రోతలు మాత్రమే. కథ వారి కందెను గాని కథను గట్టు విద్య వారి కందలేదు.

ఈ హద్దును దాటించిన ప్రయత్నములలో 1945లో మద్రాసున న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు స్థాపించిన ‘బాల’ పత్రిక ముఖ్యమైనది. రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య యని తెలుగు పిల్లలు పిలిచిన వా రీ దంపతులే. బాలురు చదువుటకే కాక వ్రాయుటకును దీనియం దెడ మొసగిరి. 1931లో జన్మించిన ముళ్లపూడి వెంకటరమణ తొలికథ ‘అమ్మ మాట వినకపోతే’ 1945లో నిందే యచ్చుపడెను. 1933లో జన్మించిన బాపు బొమ్మయు నా సంవత్సరమున నిందే వెలువడెను. ఆ యుత్సాహముతో రమణ ‘ఉదయభాను’ అను పత్రికను దానే నడపగా, దానికి బాపు చిత్రకారు డయ్యెను. పిమ్మట నీ యిరువురును గలిసి బుడుగును సృష్టించిరి. అచ్చులో దన పేరు చూచుకొన్న బాలునకు బుస్తక మెచ్చటనో యాకాశమునుండి యూడిపడునది కాదనియు, తనవంటి మనుష్యులు చేయునదే యనియు దెలియవచ్చును. ప్రతి బాలుడును రమణయో బాపువో కావలయునని నా భావము కాదు. పుస్తక మెట్లు పుట్టునో యెఱిగినవాడు దానిని వివేకముతో జదువును, ఇదియే చాలును.

ఇక నిబ్రహీంపట్నపు బడిలో నుపాధ్యాయు డేమి చేయవచ్చును? ఊరి చెరువు కథనే తీసికొనవచ్చును. వానరాక, నీరు నిండుట, తూము విప్పుట, పైరు పండుట మొదలగువానిలో నే ఘట్టములకు బొమ్మ కావలయునో బాలురనే తేల్చుకొననీయవలయును. పిదప నొక పెద్ద కాగితమును మూడుమారులు మడువ జెప్పవలయును. 8 ఆకులు, 16 పుటలు గల ఫార మేర్పడును. మడిచిన కాగితముపై వరుసగా నంకెలు వేయించి మరల విప్పి చూపినచో, 1వ పుట ప్రక్కన 16వ పుట యుండుట చూచి బాలు రబ్బురపడుదురు. ముద్రణాలయములో బుటలను గూర్చు పద్ధతి యుపన్యాసము లేకయే బోధపడును. మరల మడిచి, నడుమ గుట్టి, అంచులు గోసినచో బుస్తకము సిద్ధము.

ఒక్క విన్నపముతో ముగింతును. నేడు పటకథకులు మిక్కిలి తగ్గిరి. చిత్రకారులు గృహాలంకారమునకై చిన్న పటములను, ముఖములను, బొమ్మలను జేయుచున్నారు. పటమును బ్రదర్శనశాలలో భద్రపఱచి, దానితో బాడిన పాటను బోగొట్టుకొన్నచో మనకు మిగులునది సగము కథయే. పరిశోధకులు కథకుల నోటి పాఠమును బటముతో సరిచూచి వ్రాసికొనవలయును. పండితులు తమ బాలురను వెంటబెట్టుకొని పోయి యా పని వారిచేతను గొంత చేయింపవలయును. పూర్వము పటము నెదుట గేవలము శ్రోతగా గూర్చున్న బాలుడు నేడు కలము పట్టి దానిని రక్షించువాడగుట యుచితము కదా!